మొదటి పది మ్యాచ్‌లను ఎలా చదవాలి?

2021 ఆగస్టు చివరి వారాంతానికి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ పట్టికలో ఆర్సెనల్ అట్టడుగున, 20వ స్థానంలో ఉంది. ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 0-2, చెల్సీ చేతిలో 0-2, మాంచెస్టర్ సిటీ చేతిలో 0-5. తొమ్మిది గోల్స్ ఇచ్చుకుంది, ఒక్కటీ కొట్టలేదు. ముందటేడు మొదటి మూడు మ్యాచ్‌లలో ఇదే జట్టు ఆరు పాయింట్లు తెచ్చుకుంది. ఆరు ఎక్కడ, సున్నా ఎక్కడ! కోచ్ మికెల్ ఆర్టెటాను సాగనంపాలని అభిమానుల్లో చాలామంది గొంతెత్తారు. యాజమాన్యం ఆయన్ను ఉంచింది. 2022 మే నెలలో లీగ్ ముగిసేసరికి ఆ జట్టు 69 పాయింట్లతో అయిదో స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏడాది దానికి వచ్చినవి 61, స్థానం ఎనిమిదోది.

సీజన్ ఆరంభాన్ని నిరుటితో పోల్చి చూడటంలో తప్పేం లేదు. పోల్చకుండా దేన్నీ అంచనా కట్టలేం. కాకపోతే దేన్ని తెచ్చి దేని పక్కన పెడుతున్నామో చూసుకోవాలి. అక్కడ పొరపడితే అనవసరంగా దిగులుపడతాం, లేదా లేని బలం ఉందనుకుని మురిసిపోతాం. రెండు స్థితుల్లోనూ తీసుకునే నిర్ణయాలు చెడ్డవే. క్లబ్ యజమానికీ, కోచ్‌కీ, ఆటగాడికీ, రాత్రి నిద్ర మానుకుని మ్యాచ్ చూసే అభిమానికీ ఇది ఒకేలా వర్తిస్తుంది. ఈ అధ్యాయంలో ఆ పోలికను నిజాయితీగా చేసుకునే పద్ధతి చెబుతాను. ఒక కాగితం, పెన్ను, నిరుటి ఫలితాల జాబితా ఉంటే చాలు.

తేదీని చూడాలా, ప్రత్యర్థిని చూడాలా?

మనలో ఎక్కువమంది చేసే పోలిక ఇది: నిరుడు ఇన్ని మ్యాచ్‌లకు ఎన్ని పాయింట్లు, ఇప్పుడు ఎన్ని? చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ లీగ్‌లో మ్యాచ్‌ల వరస ఏటా మారుతుంది. నిరుడు మొదటి మూడు వారాల్లో బలహీనమైన జట్లు తగిలి ఉండొచ్చు, ఈ ఏడు చాంపియన్లే ఎదురుపడొచ్చు. 

చీరల దుకాణం నడిపేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. అసలు శ్రావణం ఆగస్టు మధ్యలో గానీ మొదలవలేదు. ఆ ఏడు ఆగస్టు మొదటి వారం అమ్మకాలను 2022 ఆగస్టు మొదటి వారంతో పోల్చి, వ్యాపారం దెబ్బతిందని గుండె బాదుకునే షావుకారు ఉండడు. శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చుకుంటాడు. ఫుట్‌బాల్‌లో కూడా చేయాల్సింది అదే.

ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు. ఒక్కో జట్టు మిగిలిన 19 జట్లతో రెండేసి సార్లు తలపడుతుంది. ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి అవతలివాళ్ల మైదానంలో. మొత్తం 38 మ్యాచ్‌లు. కాబట్టి ఈ ఏడు ఆడిన ప్రతి మ్యాచ్‌కూ నిరుడు ఒక జోడీ ఉంటుంది: అదే ప్రత్యర్థి, అదే మైదానం. ఈ వారం మీ జట్టు లెస్టర్ వెళ్లి ఆడితే, నిరుడు లెస్టర్ వెళ్లి ఏం చేసిందో వెతికి పక్కన రాయండి. అది ఏ నెలలో జరిగిందన్నది అనవసరం. 

ఒక చిక్కుంది. ఏటా మూడు జట్లు కింది డివిజన్‌కు పడిపోతాయి, మూడు పైకి వస్తాయి. కొత్తగా వచ్చినవాటికి నిరుటి జోడీ ఉండదు. దీనికి అభిమానులు ఒక ఉపాయం పెట్టుకున్నారు. పడిపోయిన జట్లలో 18వ స్థానం జట్టుకు బదులు కింది డివిజన్ విజేతను, 19వ జట్టుకు బదులు అక్కడ రెండో స్థానంలో వచ్చినదాన్ని, 20వ జట్టుకు బదులు ప్లేఆఫ్ గెలిచి వచ్చినదాన్ని పెట్టుకుంటారు. లోపం లేని ఉపాయమేం కాదు, ఆ లోపం కాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు ఆర్సెనల్ 2021-22 మొదటి పది మ్యాచ్‌లను ఈ పద్ధతిలో చదువుదాం. కాస్త ఓపిక పట్టి నాతో పాటు లెక్క వేయండి.

మొదటిది బ్రెంట్‌ఫర్డ్‌లో ఓటమి. అది ప్లేఆఫ్ గెలిచి వచ్చిన జట్టు కాబట్టి జోడీ షెఫీల్డ్ యునైటెడ్. నిరుడు అక్కడ ఆర్సెనల్ 3-0తో గెలిచింది. మూడు పాయింట్లు నష్టం. రెండోది సొంత మైదానంలో చెల్సీతో ఓటమి. నిరుడు 3-1తో గెలిచిన మ్యాచ్. ఇంకో మూడు నష్టం. మూడోది మాంచెస్టర్ సిటీ మైదానంలో. నిరుడు కూడా అక్కడ ఓడింది, 0-1తో. తేడా లేదు. అంటే మూడు మ్యాచ్‌లకు మైనస్ ఆరు. తేదీల లెక్క కూడా ఇదే చెప్పింది. ఇంతవరకూ రెండు కొలతలకూ పేచీ లేదు.

నాలుగోది నార్విచ్‌పై 1-0 గెలుపు. జోడీ ఫుల్హామ్, నిరుడు సొంత మైదానంలో 1-1 డ్రా. రెండు లాభం. బర్న్‌లీ వెళ్లి 1-0 గెలుపు, నిరుడు 1-1. ఇంకో రెండు లాభం. టోటెన్‌హామ్‌పై నిరుడూ గెలుపే, ఈ ఏడూ గెలుపే. బ్రైటన్‌లో నిరుడు 1-0తో గెలిచింది, ఈసారి 0-0. రెండు నష్టం. క్రిస్టల్ ప్యాలెస్‌తో నిరుడూ డ్రా, ఈ ఏడూ డ్రా. ఆస్టన్ విల్లా చేతిలో నిరుడు సొంత మైదానంలో 0-3తో చిత్తయింది, ఈసారి 3-1తో గెలిచింది. మూడు లాభం. లెస్టర్‌లో రెండేళ్లూ గెలుపే.

పది మ్యాచ్‌లకు ఆర్సెనల్ తెచ్చుకున్నవి 17 పాయింట్లు. నిరుడు ఇవే మ్యాచ్‌లలో వచ్చినవి 18. అంటే మైనస్ ఒకటి. తేదీల లెక్కలో నిరుడు మొదటి పది మ్యాచ్‌లకు వచ్చినవి 13 మాత్రమే. అంటే ప్లస్ నాలుగు. అవే పది మ్యాచ్‌లు, అవే 17 పాయింట్లు. ఒక కొలత జట్టు బాగుపడిందంటోంది, ఇంకో కొలత కాస్త తగ్గిందంటోంది. 

ఏది నిజం? ఇక్కడే ఆ బ్రెంట్‌ఫర్డ్ జోడీ లోపం బయటపడుతుంది. షెఫీల్డ్ యునైటెడ్ నిరుడు 23 పాయింట్లతో లీగ్‌లో ఆఖరున నిలిచిన జట్టు. బ్రెంట్‌ఫర్డ్ 74 ఏళ్ల తర్వాత అగ్రశ్రేణిలో అడుగుపెట్టి, ఆ ఆగస్టు రాత్రి నిండిన స్టేడియంలో ఆడింది. ఆ సీజన్‌లో 46 పాయింట్లతో 13వ స్థానంలో నిలిచింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు. అదే ఉపాయంలో ఫుల్హామ్‌కు బదులు పెట్టుకున్న నార్విచ్, కింది డివిజన్ విజేతగా వచ్చి కూడా ఆ ఏడు ఆఖరున నిలిచింది. కొత్త జట్ల జోడీలను ఎప్పుడూ ఒకసారి పక్కన పెట్టి కూడా చూడాలని నేను గట్టిగా చెబుతాను. వాటిలో బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్ ఒక్కటే తీసేస్తే మిగిలిన తొమ్మిదింట్లో ఆర్సెనల్‌కు 17, నిరుడు 15. ప్లస్ రెండు. దాన్ని 38 మ్యాచ్‌లకు సాగదీస్తే సుమారు ఎనిమిది పాయింట్ల లాభం. ఆ సీజన్ నిజంగా ముగిసింది కూడా ఎనిమిది పాయింట్ల లాభంతోనే. ఇంత కచ్చితంగా కుదరడంలో కాకతాళీయం కొంత ఉంది, ప్రతిసారీ ఇలా కుదరదు. కానీ మొదటి మూడు మ్యాచ్‌ల మైనస్ ఆరును అదే పద్ధతిలో సాగదీసి చూడండి: మైనస్ 76 వస్తుంది. నిరుడు మొత్తం కలిపి వచ్చినవే 61! మూడు మ్యాచ్‌ల మీద తీర్పు చెప్పడం ఎంత అర్థంలేని పనో తెలియడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఎవరు ఆడారు?

పాయింట్ల లెక్క అయ్యాక జట్టు జాబితా తీయండి. చాలామంది ఈ పని చేయరు. నా ఉద్దేశంలో ఇది పాయింట్ల లెక్క కంటే ముఖ్యం.

సిటీతో 0-5తో ఓడిన రోజు ఆర్సెనల్ రక్షణ మధ్యలో ఉన్నవాళ్లు ఛాంబర్స్, హోల్డింగ్, కొలాసినాట్స్. ప్రధాన డిఫెండర్ గాబ్రియేల్ గాయంతో లేడు. కొత్తగా కొన్న బెన్ వైట్ కొవిడ్ వల్ల ఆడలేదు. మొదటి సగంలోనే జాకాకు రెడ్‌కార్డు పడింది. తొలి మ్యాచ్‌లో ఇద్దరు ప్రధాన ఫార్వర్డ్‌లు, ఒబమెయాంగ్, లకాజెట్, అనారోగ్యంతో బరిలో లేరు. ఎదురుగా ఉన్నదెవరు? చెల్సీ అప్పటికి యూరప్ విజేత, సిటీ ఇంగ్లండ్ విజేత.

నాలుగో మ్యాచ్‌కు గోల్‌కీపర్ రామ్స్‌డేల్, అతని ముందు తొమియాసు, వైట్, గాబ్రియేల్, టీర్నీ మొదటిసారి కలిసి ఆడారు. తొమియాసును కొన్నది ఆగస్టు 31న, అంటే మూడు ఓటముల తర్వాత. అక్కడి నుంచి పదో మ్యాచ్ దాకా ఏడు మ్యాచ్‌లలో జట్టు ఇచ్చుకున్న గోల్స్ నాలుగే. ఓటమి ఒక్కటీ లేదు. మూడు మ్యాచ్‌ల ఆర్సెనల్, ఏడు మ్యాచ్‌ల ఆర్సెనల్ పేరుకే ఒకటి. ఆగస్టులో కోచ్‌ను పంపేసి ఉంటే, అసలు జట్టు ఇంకా మైదానంలోకి దిగకముందే ఆయనకు శిక్ష వేసినట్టయ్యేది.

ఇదే ప్రశ్న రెండోవైపు నుంచి కూడా అడగాలి. జట్టు బాగుండి, తర్వాత ఏడాదికి ఆ మనుషులే లేకపోతే? మన హైదరాబాద్ ఎఫ్‌సీ కథ అదే. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2021-22 టైటిల్ గెలిచింది. 2022-23 లీగ్ దశలో 20 మ్యాచ్‌లకు 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. ఆ సీజన్ అయ్యాక కోచ్ మనోలో మార్కెజ్ వెళ్లిపోయారు. క్లబ్ ఆర్థిక చిక్కుల్లో పడింది, ఆటగాళ్లు ఒక్కొక్కరే దారి చూసుకున్నారు. 2023-24లో 22 మ్యాచ్‌లకు వచ్చినవి 8 పాయింట్లు, గెలిచింది ఒక్కసారే. ఆ సీజన్ ఆరంభంలో ఆ జట్టును నిరుటి జట్టుతో పోల్చి, ఫామ్ పోయిందని ఆటగాళ్లను తిట్టినవాళ్లు ఆ కుర్రాళ్లకు అన్యాయం చేశారు. చొక్కా ఒకటే, లోపల మనుషులు వేరు. పోలిక మొదలుపెట్టే ముందు నిరుటి తుది జట్టులో ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి. సగం మందికి పైగా మారిపోతే నిరుటి అంకెలు పక్కన పెట్టి, ఆ జట్టును కొత్త జట్టుగా చూడటం మేలు.

నిజంగానే చెడినప్పుడు

ఓపిక పట్టమని చెప్పడం తేలిక. ప్రతి చెడ్డ ఆరంభమూ దానంతటదే సర్దుకోదు. 2014-15 విజేత చెల్సీ, మరుసటి ఏడు మొదటి ఎనిమిది మ్యాచ్‌లకు ఎనిమిది పాయింట్లే తెచ్చుకుంది. ముందటేడు మొదటి ఎనిమిదింటికి వచ్చినవి 22. తేదీల లెక్కలో మైనస్ 14. 

ప్రత్యర్థుల లెక్క కాస్త నెమ్మదిగా మాట్లాడుతుంది. అవే మ్యాచ్‌లలో నిరుడు వచ్చినవి 14, ఎందుకంటే నిరుడు న్యూకాజిల్‌లోనూ, టైటిల్ చేజిక్కాక వెస్ట్ బ్రామ్‌లోనూ చెల్సీ ఓడింది. అంటే మైనస్ ఆరు. మూడు మ్యాచ్‌లకు ఆర్సెనల్‌ది కూడా మైనస్ ఆరే కదా అనిపిస్తుంది. అంకె ఒకటే అయినా అర్థం వేరు. మొదటిది, ఇది ఎనిమిది మ్యాచ్‌లకు పరుచుకున్న నష్టం. స్వాన్సీతో, ప్యాలెస్‌తో, ఎవర్టన్‌తో, సౌతాంప్టన్‌తో, ఇలా రకరకాల జట్లతో జారిపోయింది. రెండోది, చెప్పుకోదగ్గ వంక లేదు. టైటిల్ గెలిపించిన ఆటగాళ్లలో చాలామంది మైదానంలోనే ఉన్నారు. మూడోది గోల్స్. ముందటేడు 38 మ్యాచ్‌లలో కలిపి 32 గోల్స్ ఇచ్చిన జట్టు, ఇప్పుడు ఎనిమిది మ్యాచ్‌లలోనే 17 ఇచ్చుకుంది. ఇలాంటి అంకె కనిపిస్తే దురదృష్టం అని సరిపెట్టుకోకూడదు. లోపల ఏదో విరిగింది. డిసెంబర్ 17న జోసె మౌరిన్హో పదవి పోయింది. చెల్సీ 50 పాయింట్లతో పదో స్థానంలో సీజన్ ముగించింది, 37 పాయింట్ల పతనం. మైనస్ ఆరును 38 మ్యాచ్‌లకు సాగదీస్తే మైనస్ 28 దాకా వస్తుంది. మైనస్ 14ను సాగదీస్తే మైనస్ 66. జరిగినదానికి దగ్గరగా ఉన్నది ప్రత్యర్థుల లెక్కే.

కాబట్టి నష్టం కనిపించగానే ఇలా అడగండి: ఇది ఒకటి రెండు మ్యాచ్‌లలో పోగుపడిందా, అన్నిటా పరుచుకుందా? లేని ఆటగాళ్ల వల్లనా, ఉన్నవాళ్ల వల్లనా? గోల్స్ కొట్టలేకపోతున్నామా, ఇచ్చేస్తున్నామా? ఇందులో మూడో ప్రశ్నకు ఈ రోజుల్లో ఇంకో ఆసరా ఉంది. ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అనే కొలత. ఒక్కో షాట్‌ను ఎక్కడి నుంచి, ఎలాంటి స్థితిలో కొట్టారో చూసి, అలాంటి షాట్లు మామూలుగా ఎంత శాతం గోల్ అవుతాయో లెక్కగట్టి ఆ షాట్‌కు విలువ ఇస్తారు. పెనాల్టీ విలువ ముప్పావు గోల్‌కు కాస్త అటూ ఇటూ. దూరం నుంచి కొట్టిన షాట్‌ది అందులో చాలా చిన్న భాగం. ఫుట్‌బాల్‌లో మ్యాచ్‌కు సగటున మూడు గోల్స్‌కు కాస్త అటూ ఇటూగానే పడతాయి. అందుకే బంతి ఒకసారి గోల్‌పోస్టుకు తగలడం, రిఫరీ నిర్ణయం ఒకటి తారుమారవడం మొత్తం ఫలితాన్నే మార్చేస్తాయి. అవకాశాలు బాగా సృష్టించుకుంటూ గోల్ కొట్టలేని జట్టు కొంతకాలానికి తేరుకుంటుంది. అవకాశాలే రాని జట్టు గురించి బెంగపడాలి. గెలుస్తున్న జట్టుకూ ఇదే పరీక్ష పెట్టండి, అక్కడ ఎవరూ పెట్టరు.

లెస్టర్ సిటీనే చూడండి. 2014-15లో మొదటి అయిదు మ్యాచ్‌లకు ఎనిమిది పాయింట్లు, అందులో మాంచెస్టర్ యునైటెడ్‌పై 5-3 గెలుపు. ఊరంతా పండగ. తర్వాత మూడు నెలల పాటు ఒక్క గెలుపూ లేదు, క్రిస్మస్ నాటికి పట్టికలో ఆఖరు స్థానం. అదే జట్టు వసంతంలో చివరి తొమ్మిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి లీగ్‌లో నిలబడింది. ఆ సీజన్ మొత్తానికి వచ్చిన 41 పాయింట్లలో 22 ఆ తొమ్మిది మ్యాచ్‌లవే. ఆ వేసవిలో కోచ్‌గా వచ్చిన క్లాడియో రనియెరి చేతికి అందింది ఆ వసంతకాలపు జట్టు. 2015 ఆగస్టులో లెస్టర్ ఆరంభాన్ని నిరుటి మొత్తంతో పోల్చినవారికి అదొక వింతగా కనిపించింది. చివరి తొమ్మిది మ్యాచ్‌లతో పోల్చినవారికి అంత వింత కాదు. ఆ సీజన్ ఆఖరికి లెస్టర్ టైటిలే గెలిచింది, అది మాత్రం ముందుగా ఏ లెక్కా చెప్పలేదు. లెక్కలకు అంతవరకే శక్తి.

ప్రత్యర్థిని ప్రత్యర్థితోనే పోల్చాలన్న మాటకు మన నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ శిక్షణలో భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లింది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆ తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను గెలిచింది. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో ఎదురుపడింది మళ్లీ దక్షిణ కొరియానే. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ అప్పటికే ఫార్వర్డ్‌గా ఆడిస్తున్నారు. ఫైనల్‌లో అతనూ పీకే బెనర్జీ చెరో గోల్ కొట్టారు. భారత్ 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చింది. తొలి ఓటమిని చూసి ఆయన జట్టును తీసిపారేయలేదు. అలాగని ఏమీ జరగనట్టు అదే ఆటా ఆడించలేదు.

ఇక మీ పని. సీజన్ మొదలవడానికి ముందే 38 గళ్ల పట్టిక గీసి, ప్రతి గడిలో నిరుటి ఫలితం రాసి పెట్టుకోండి. ముందే రాయడం ముఖ్యం. ఆట మొదలయ్యాక రాస్తే మన మనసు తనకు నచ్చిన పోలికనే ఎంచుకుంటుంది. మొదటి మూడు మ్యాచ్‌లకు ఫలితం రాసి ఊరుకోండి, వ్యాఖ్య వద్దు. ఆరో మ్యాచ్‌కు ఎవరు ఆడారు, ఎవరు లేరు అన్నది పక్క గడిలో చేర్చండి. పదో మ్యాచ్ తర్వాత కూర్చుని, కొత్త జట్ల మ్యాచ్‌లు కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి మొత్తం కట్టండి. మీరు జిల్లా లీగ్‌లో ఆడే ఆటగాడైతే మీ సొంత ఆటకూ ఇలాంటి పట్టిక ఒకటి పెట్టుకోండి, ఏ ప్రత్యర్థి మీద నిరుడు ఎలా ఆడారో రాసుకోండి. పట్టిక నిండేదాకా మీ కోచ్‌ను గానీ, మీ జట్టులో కుర్రాడిని గానీ, మిమ్మల్ని మీరు గానీ పనికిరారని ఎవరి ముందూ అనకండి.